చుక్క రాలితే ఇంజన్ దించాలా?

పాత కారు కింద నూనె మరక కనిపించగానే కొందరు షాపులో దొరికే అత్యంత చిక్కటి ఆయిల్ పోయించేస్తారు. మరికొందరు కారునే అమ్మకానికి పెడతారు. చిన్న లీకు ఉన్న ఇంజన్‌ను సరైన ఆయిల్‌తో, కాస్త శ్రద్ధతో ఏళ్ల తరబడి నడిపించుకోవచ్చు. డబ్బా కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతులే ఈ వారం ముఖచిత్ర కథనం.

2014లో మన రోడ్లను ఏలిన రెండు కార్ల తయారీ ఆగిపోయింది. జనవరిలో మారుతి 800, మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్. 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 ఒక్కటే మన దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడైంది. వాటిలో చాలా బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. వాటితోపాటు జెన్, శాంత్రో, ఇండికా, వేగనార్ తొలి తరాలు కూడా. నాన్న కొన్న మొదటి కారు కాబట్టి కొందరు వదులుకోలేరు. పిల్లల కాలేజీకి, పొలం పనులకు అది చాలు కాబట్టి కొందరికి వదులుకోవాల్సిన అవసరమే లేదు.

ఉంచుకోవడానికీ ఖర్చుంది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవాలి. అప్పటిదాకా 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 అయింది. అంత కట్టి నిలుపుకున్న కారు కింద ఒక ఉదయం నల్లటి మరక కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. షెడ్డుకు తీసుకెళితే ‘ఇంజన్ దించాలి’ అనే మాట వినిపిస్తుంది. అయితే ఇంజన్ దించేముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో ఆయిల్ మార్చడం మొదటిది కాదు. లీకును కొలవడం మొదటిది.

మరక పెద్దది, నష్టం ఎంత?

నూనె నేల మీద ఎంత పరుచుకుంటుందో చూస్తే మోసపోతాం. ఒక చుక్క పరిమాణం సుమారుగా మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అంటే లీటరుకు 20,000 చుక్కలు. రాత్రికి పది చుక్కలు రాలే కారు ఆగి ఉన్నప్పుడు ఒక లీటరు పోగొట్టుకోవడానికి 2,000 రాత్రులు పడుతుంది. అయిదేళ్ల పైమాటే. అపార్ట్‌మెంట్ సెల్లారులో పక్కవాళ్లు మొహం చిట్లించే మరక ఇంజన్‌కు ప్రాణాంతకం కాకపోవచ్చు.

అసలు లెక్క పరుగులో తేలుతుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు నూనె వేడెక్కి పల్చబడుతుంది, పంపు దాన్ని ఒత్తిడితో తోస్తుంది. నిలబడి ఉన్నప్పుడు చెమ్మగిల్లే చోటే అప్పుడు ధారగా కారవచ్చు. అలా కారింది రోడ్డు పాలవుతుంది, సెల్లారులో కనబడదు. అందుకే నమ్మదగిన సాక్షి గేజ్ పుల్ల ఒక్కటే. బండిని సమతలం మీద ఆపి, ఇంజన్ ఆపేసిన కొన్ని నిమిషాల తర్వాత పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీస్తే మట్టం తెలుస్తుంది. కిలోమీటర్ల రీడింగు, మట్టం ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటూ పోతే వెయ్యి కిలోమీటర్లకు ఎంత తగ్గుతోందో నెల తిరిగేసరికి తేలిపోతుంది.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో చూడవచ్చు. మూడు లీటర్ల ఆయిల్ పట్టే ఇంజన్ వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు పోగొట్టుకుంటోందనుకుందాం. యజమాని 5,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మారుస్తాడు, మధ్యలో చూడడు. మార్చే రోజుకు లీటరుంబావు పోయి ఉంటుంది. మిగిలిన లీటరుముప్పావే పోయిన అయిదు పావుల పనీ చేస్తూ, త్వరగా వేడెక్కి, త్వరగా మడ్డి కడుతుంది. మలుపుల్లో, ఎత్తుల్లో పంపు గాలి పీలుస్తుంది. డ్యాష్‌బోర్డులో ఎర్రదీపం చూసుకుంటుందిలే అనుకోవడం ప్రమాదం. పాత కార్లలో ఆ దీపం మట్టాన్ని చూపదు, ఒత్తిడి పడిపోయినప్పుడే వెలుగుతుంది. అది వెలిగే సమయానికి బేరింగులకు నూనె అందడం ఆగిపోయి ఉంటుంది. అదే కారులో వారానికోసారి పుల్ల చూసి, తగ్గినంత పోస్తూ ఉంటే ఆ లీకు వల్ల ఇంజన్‌కు ఏ హానీ జరగదు.

ఎక్కడి నుంచి కారుతోంది?

కింద పడిందంతా ఇంజన్ ఆయిల్ కాదు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పొద్దున్నే చూస్తే సగం సంగతి తెలుస్తుంది. పచ్చగానో ఎర్రగానో ఉండి తియ్యటి వాసన వస్తే కూలెంట్. ఘాటైన వాసనతో జిగటగా ఉంటే గేర్ ఆయిల్. ఏసీ నీళ్లకు రంగూ వాసనా ఉండవు. గోధుమ, నలుపు రంగుల మధ్య ఉండి వేళ్ల మధ్య జారితే ఇంజన్ ఆయిల్.

చుక్క పడిన చోటే లీకు ఉందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. గాలి నూనెను వెనక్కి తోస్తుంది, బరువు కిందికి లాగుతుంది. కాబట్టి తడిగా ఉన్న భాగాల్లో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్నదాన్ని అనుమానించాలి. చల్లారిన ఇంజన్‌ను శుభ్రంగా కడిగించి, ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట టాల్కం పౌడరు చల్లి, పది కిలోమీటర్లు తిప్పి చూస్తే తెల్లటి పొడిలో నూనె దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆయిల్‌లో కలిపే మెరిసే రంగు, దాన్ని చూపించే అతినీలలోహిత దీపం ఉన్న షెడ్లూ ఉన్నాయి.

మొదట చూడాల్సినవి సులువైన చోట్లు. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, డ్రెయిన్ బోల్టు కింది వాషర్, డిస్ట్రిబ్యూటర్ దగ్గరి ఓ-రింగ్, ఆయిల్ ఫిల్టర్. ఫిల్టర్ మార్చేటప్పుడు పాతదాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి, దానిమీద కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి నూనె కారుతుంది. ఇలాంటి లీకుకు ఏ ఆయిల్ పోసినా దండగే. రింగు తీసేస్తే పోతుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చడం కూడా కొన్ని గంటల పని, ఇంజన్ దించక్కర్లేదు.

కష్టమైనవి క్రాంక్ షాఫ్ట్ రెండు కొసల దగ్గరి ఆయిల్ సీళ్లు. ముందుదానికి బెల్టు వైపు భాగాలు విప్పాలి. వెనకదానికి గేర్ బాక్సే దించాలి. సీలు చవకే, దాన్ని చేరడానికే ఖర్చు. సరైన ఆయిల్‌తో కాలం నెట్టుకురావడం అర్థవంతమయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే.

ఇంకో అనుమానితుడు ఉన్నాడు. పిస్టన్ రింగుల సందుల్లోంచి కొంత వాయువు ఎప్పుడూ ఇంజన్ అడుగుకు జారుతూ ఉంటుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపడానికి పీసీవీ వాల్వు, బ్రీదర్ గొట్టం ఉంటాయి. అవి మడ్డితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఏ సీలు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి నూనెను బయటికి తోస్తుంది. ఆ గొట్టం శుభ్రం చేసిన రోజునుంచే లీకు తగ్గిపోయే బండ్లు ఉంటాయి. కొత్త సీలు వేసినా నెల తిరక్కుండా మళ్లీ కారితే ముందు చూడాల్సింది ఇదే.

డబ్బా మీది అంకెల అర్థం

లీకు చిన్నదని, వెంటనే విప్పాల్సిన పని లేదని తేలాక ఆయిల్ సంగతి. డబ్బా మీద 20డబ్ల్యూ-50, 10డబ్ల్యూ-40 అని ఉండేది అమెరికాలోని ఎస్ఏఈ సంస్థ నిర్ణయించిన చిక్కదనం గ్రేడు. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఇంజన్ ఎంత తేలిగ్గా తిరుగుతుందో చెబుతుంది. 10డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 25 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూను మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. లంబసింగిలో చలి ముదిరిన రాత్రి కూడా సున్నాకు అటూ ఇటూగానే ఉంటుంది. కాబట్టి తెలుగు నేలలో 15డబ్ల్యూ, 20డబ్ల్యూ ఆయిళ్లు చలికి గడ్డకట్టి స్టార్టింగు ఇబ్బంది పెడతాయన్న భయం అక్కర్లేదు. అయితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిన్న అంకె ఆయిల్ పైభాగాలకు కాస్త త్వరగా చేరుతుంది. ఆ మేలు ఇక్కడా ఉంటుంది.

రెండో అంకె 100 డిగ్రీల వేడిలో చిక్కదనం. అక్కడ 30 గ్రేడు 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 మధ్య ఉండాలి. సన్నని సందులోంచి కారే ద్రవం వేగం చిక్కదనం పెరిగిన కొద్దీ తగ్గుతుంది. మధ్య విలువలు తీసుకుని లెక్క వేస్తే 30 నుంచి 40కి మారినప్పుడు అదే సందులోంచి కారేది సుమారు నాలుగో వంతు తగ్గుతుంది. ‘చిక్కటి ఆయిల్ పొయ్యి, ఆగిపోద్ది’ అనే షెడ్డు మాటలో ఇంతవరకు నిజం ఉంది. తగ్గుతుంది. ఆగదు.

ఈ మేలుకు హద్దుంది. పాత కార్ల మాన్యువళ్లలో సాధారణంగా ఒక పట్టిక ఉంటుంది, ఏ వాతావరణానికి ఏ గ్రేడులు వాడవచ్చో చూపిస్తూ. అందులో వేడి ప్రాంతాలకు అనుమతించిన అత్యంత చిక్కటి గ్రేడు దాకా వెళ్లవచ్చు. 20డబ్ల్యూ-40 వాడే బండికి 20డబ్ల్యూ-50, 10డబ్ల్యూ-30 వాడే బండికి 10డబ్ల్యూ-40. ఒక మెట్టు చాలు. రెండు మూడు మెట్లు ఎక్కితే ఇంజన్ బరువుగా తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సన్నని దారుల్లోకి నూనె ఆలస్యంగా చేరుతుంది. హైడ్రాలిక్ ట్యాపెట్లు, నూనె ఒత్తిడితో పనిచేసే వాల్వ్ టైమింగు ఉన్న ఇంజన్లు దీన్ని అసలు సహించవు. 0డబ్ల్యూ-20 కోసం తయారైన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోయడం వైద్యం కాదు, కొత్త జబ్బు.

చిక్కదనంతోపాటు నాణ్యత వర్గం చూడాలి. పెట్రోలు ఇంజన్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వర్గాలు ‘ఎస్’తో మొదలవుతాయి. 2001లో ఎస్ఎల్, 2004లో ఎస్ఎం, 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ వచ్చాయి. అక్షరం ముందుకు జరిగిన కొద్దీ కొత్తది, సాధారణంగా పాతదాని బదులు కొత్తది వాడవచ్చు. ఇండికా వంటి డీజిల్ బండ్లకు ‘సి’తో మొదలయ్యే వర్గాలు, సీహెచ్-4, సీఐ-4 లాంటివి. పెట్రోలు కారుకు కొనేటప్పుడు డబ్బా మీద ‘ఎస్’ వర్గం ఉందో లేదో చూసుకోవాలి. రెండు వర్గాలూ ముద్రించినవీ దొరుకుతాయి.

రబ్బరుకు వయసు మీద పడితే

ఆయిల్ సీళ్లలో ఎక్కువ భాగం నైట్రైల్, యాక్రిలిక్, సిలికోన్, ఫ్లోరోకార్బన్ రకాల రబ్బరు. కొత్తలో మెత్తగా షాఫ్టును పట్టుకుని ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ఉడికి, మెత్తదనాన్నిచ్చే పదార్థాలు కోల్పోయి, కుంచించుకుపోయి గట్టిపడతాయి. ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ పాతబడితే ఆవిరి పక్కనుంచి తన్నడం ఎరగని ఇల్లుండదు. ఇంజన్‌లోనూ జరిగేది అదే.

ఈ ఇబ్బందికోసమే ‘హై మైలేజ్’ పేరుతో ఒక తరహా ఆయిళ్లు పుట్టాయి. అమెరికాలో వాల్వొలీన్ సంస్థ 2000లో మ్యాక్స్‌లైఫ్ పేరుతో దీన్ని తెచ్చింది. 75,000 మైళ్లు, అంటే సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటిన కార్లు దాని గురి. వీటిలో సీల్ కండిషనర్లు కలుపుతారు. ఇవి ఎక్కువగా ఎస్టర్ జాతి రసాయనాలు. రబ్బరులోకి నెమ్మదిగా ఇంకి దాన్ని కొద్దిగా ఉబ్బించి మెత్తబరుస్తాయి. ఆ కొద్దిపాటి ఉబ్బుతోనే సీలు అంచు మళ్లీ షాఫ్టును తాకుతుంది. వీటిలో చాలావాటిని అదే గ్రేడులో చిక్కటి వైపుగా తయారుచేస్తారు, మడ్డి కరిగించే పదార్థాలు కూడా ఎక్కువ వేస్తారు.

ఫలితం ఒక్క రోజులో కనిపించదు. రబ్బరు నూనెను పీల్చుకోవడానికి వందల కిలోమీటర్లు పడుతుంది, కొన్ని బండ్లలో రెండో ఆయిల్ మార్పు దాకా ఆగాలి. మాన్యువల్ చెప్పిన గ్రేడులో, సరైన ఏపీఐ వర్గంలో ఇది దొరికితే గట్టిపడిన సీలు వల్ల చెమ్మగిల్లే కారుకు ఇదే మొదటి ఎంపిక. దొరకకపోతే మామూలు ఆయిల్‌లో ఒక మెట్టు చిక్కటిది.

విడిగా అమ్మే ‘స్టాప్ లీక్’ సీసాల్లోనూ ఇలాంటి రసాయనాలే గాఢంగా ఉంటాయి. వాటితో జాగ్రత్త అవసరం. మోతాదు మించితే లీకవుతున్న సీలుతోపాటు బాగున్న సీళ్లు కూడా మెత్తబడి, కొన్నాళ్లకు సడలిపోతాయి. హై మైలేజ్ ఆయిల్‌లో పాళ్లు తయారీలోనే కుదిర్చి ఉంటాయి కాబట్టి ఆ ముప్పు తక్కువ. ఆ ఆయిల్‌లోనే మళ్లీ ఈ సీసా కూడా కలపకూడదు.

అంబాసిడర్ దారి వేరు

ఏ రసాయనమూ నయం చేయలేని లీకు ఒకటి మన చరిత్రలోనే ఉంది. 1957లో మొదలైన అంబాసిడర్, బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీకి వారసురాలు. చాలాకాలం దానిలో కొట్టుకున్న గుండె 1489 సీసీ బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్. ఆ తరం ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ వెనక కొసన రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మరచుట్టు లాంటి గాడి చెక్కి ఉంటుంది. తిరుగుతున్నంతసేపు ఆ గాడి నూనెను లోపలికి తోస్తూ ఉంటుంది. ఇంజన్ ఆగగానే ఆ తోపు ఆగుతుంది, అంచున మిగిలిన నూనె జారి కింద పడుతుంది. అంటే అంబాసిడర్ కింద రెండు చుక్కలు దాని రూపకల్పనలోనే ఉన్నాయి. అక్కడ ఉబ్బడానికి రబ్బరే లేదు కాబట్టి సీల్ కండిషనర్లు ఆ చోట నిరుపయోగం. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్, శుభ్రమైన బ్రీదర్ గొట్టం, క్రమంగా చూసే గేజ్ పుల్ల. ఆ ఇంజన్‌కు ఇవే మందులు.

ఇలాంటి పాత పుష్‌రాడ్ ఇంజన్లకు మరో అవసరముంది. వాటి క్యామ్, ట్యాపెట్ ముఖాలు ఒకదానిమీద ఒకటి గట్టిగా రాసుకుంటాయి. ఆ అరుగుదలను ఆపేది ఆయిల్‌లోని జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం. ఫాస్ఫరస్ క్యాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుంది కాబట్టి ఎస్ఎం తరం నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో దాన్ని 0.08 శాతానికి కట్టడి చేశారు. చిక్కటి గ్రేడులకు ఆ బిగింపు లేదు. అంబాసిడర్‌కు చిక్కటి ఆయిలే మేలనడానికి ఇది రెండో కారణం.

సింథటిక్ అంటే భయమా?

సింథటిక్ పోస్తే పాత బండి కారుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. 1970ల్లో వచ్చిన తొలి సింథటిక్ ఆయిళ్లలో వాడిన పాలీఆల్ఫాఓలిఫిన్ అనే మూలద్రవం కొన్ని సీళ్లను కుంచించేది. తయారీదారులు దానికి ఎస్టర్లు కలిపి ఆ లోపాన్ని ఎప్పుడో సరిదిద్దారు. నేటి సింథటిక్ సీలును చెడగొట్టదు. అయితే ఏళ్లుగా మడ్డి పూడ్చి ఉంచిన సందును అది శుభ్రం చేయగలదు. అప్పుడు దాగి ఉన్న లీకు బయటపడుతుంది. ఇంజన్ ఫ్లష్ చేయించాక కొన్ని బండ్లు కొత్తగా కారడానికి కారణం కూడా ఇదే. బాగా మడ్డి కట్టిన, ఇప్పటికే చెమ్మగిల్లుతున్న ఇంజన్‌కు ఫ్లష్ జోలికి పోకుండా, మంచి మినరల్ లేదా సెమీ సింథటిక్ ఆయిల్‌ను కాస్త తక్కువ వ్యవధిలో మారుస్తూ పోవడం సురక్షితం. కారిపోయే నూనెకు ఖరీదైన సింథటిక్ ధర పెట్టడం జేబుకూ భారమే.

ఏది కొన్నా అసలైనది కావడం అన్నిటికన్నా ముఖ్యం. పేరున్న బ్రాండ్ల ఖాళీ డబ్బాల్లో వడగట్టిన పాత ఆయిల్ నింపి అమ్మే మోసం మన మార్కెట్‌లో ఉంది. పెట్రోలు బంకులోనో అధీకృత డీలరు దగ్గరో బిల్లుతో కొనాలి. మూత సీలు చూడాలి. కళ్లముందే పోయించి, ఖాళీ డబ్బాకు కన్నం పెట్టి గానీ వదలకూడదు. దింపిన పాత ఆయిల్‌ను కాలవలో పోయడం మహాపాపం. చట్టరీత్యా అది ప్రమాదకర వ్యర్థం. సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెడుతూ 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. సేకరణదారులకు అప్పగించే షెడ్డులోనే ఆయిల్ మార్పించాలి.

ఆయిల్‌తో తీరనివి

కొన్ని లీకులను ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. ట్యాపెట్ కవర్ నుంచి కారి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీద పడుతుంటే కాలిన వాసన, పొగ వస్తాయి, మంట అంటుకునే ప్రమాదముంది. వెనక సీలు నుంచి క్లచ్ ప్లేటుకు నూనె తగిలితే ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారుతుంది. మారుతి 800లో క్యామ్ షాఫ్ట్‌ను తిప్పేది రబ్బరు టైమింగ్ బెల్టు. ముందు సీళ్ల నుంచి నూనె దానిమీద పడితే బెల్టు ఆయుష్షు తగ్గి దారిలోనే తెగిపోవచ్చు. చిరిగిన సీలును, షాఫ్టు మీద పడిన గాడిని ఏ ఆయిలూ పూడ్చలేదు. గేజ్ తగ్గుతూ కింద చుక్క లేకుండా, సైలెన్సర్‌లో నీలిపొగ వస్తుంటే అది లీకు కాదు, ఇంజన్ నూనె తాగుతోంది. దాని వైద్యం వేరు.

వీటిలో ఏదీ లేకపోతే సాగాల్సిన క్రమం ఇది. ముందు బ్రీదర్ గొట్టం శుభ్రం చేయించి, సులువైన ప్యాకింగులు మార్పించాలి. ఆపైన మాన్యువల్ హద్దుల్లోని హై మైలేజ్ ఆయిల్‌నో, ఒక మెట్టు చిక్కటి ఆయిల్‌నో పోయించి, గరిష్ఠ గీత దాటకుండా నింపాలి. వారానికోసారి గేజ్ చూస్తూ ప్రతి వెయ్యి కిలోమీటర్ల తగ్గుదలను పాత అంకెతో పోల్చాలి. రెండు ఆయిల్ మార్పుల తర్వాత తగ్గుదల సగమైతే అలాగే కొనసాగించవచ్చు. పెరుగుతుంటే మరమ్మతుకు తేదీ పెట్టుకోవాలి. ఆ తేదీని ఎలాగూ రాబోయే మరో పనితో కలిపితే కూలి ఒక్కసారే పడుతుంది. టైమింగ్ బెల్టు మార్చే రోజునే క్యామ్, క్రాంక్ ముందు సీళ్లు. క్లచ్ ప్లేటు కోసం గేర్ బాక్స్ దించిన రోజునే వెనక సీలు. షెడ్డులో బండి విప్పకముందే ఈ మాట మెకానిక్‌తో చెప్పి, సీళ్లు కొని చేతిలో పెట్టుకుని వెళ్లాలి.